ఆషాఢం గాలి, అరంగుళం దుమ్ము

ఆషాఢం రాగానే కొత్త కోడళ్లు పుట్టింటికి పోతారు. ధర్మవరంలో ఆ ఖాళీని దుమ్ము భర్తీ చేస్తుంది. కోడలైతే గడప దాటి వస్తుంది. దుమ్ముకు గడపతో పనిలేదు. కిటికీ సందు, తలుపు కింది సందు, చివరికి తాళంచెవి పెట్టే బొక్క చాలు.

దేశంలో జైసల్మేరు తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా అని అనంతపురానికి పేరు. ఏడాదికి అటూ ఇటూగా 550 మిల్లీమీటర్లు. 2022లో జిల్లాను విడగొట్టి ధర్మవరాన్నీ, పెనుకొండనూ, హిందూపురాన్నీ శ్రీ సత్యసాయి జిల్లాలో పెట్టారు. జిల్లా మారింది కానీ గాలికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. నైరుతి రుతుపవనం వానంతా పడమటి కనుమల దగ్గరే దించేసి, ఖాళీ సంచి దులిపినట్టు మా మీద గాలిని దులిపిపోతుంది. సరిగ్గా అప్పుడే చెనిక్కాయ వేద్దామని ఎర్రచేలన్నీ దున్నిపెట్టి ఉంటాయి. వాన రాకపోయేసరికి ఆ మట్టి విసుగుపుట్టి ఊళ్లోకి వచ్చేస్తుంది. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు హగరి ఒడ్డున ఇసుక దిబ్బలే పొలాల మీదికి వస్తాయి. అక్కడివాళ్లను తలచుకుంటే మేం అదృష్టవంతులం. మా ఎడారి ఇంకా పొడి రూపంలోనే ఉంది.

దుమ్ము విషయంలో మూడు ఊళ్లకూ పోటీ ఉంది. హిందూపురంలో ఉండే మా అక్క ఫోన్ చేసి, "మీది ఉత్త దుమ్మురా, మాది ఘాటున్న దుమ్ము. ఎండుమిర్చి యార్డు మీదుగా వచ్చిన గాలి ఒక్కసారి పీల్చి చూడు" అంటుంది. పెనుకొండలోని నా సహాధ్యాయి ఆమెను కూడా లెక్కచేయడు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు హంపీ వదిలి పెనుకొండకే వచ్చారు కాబట్టి, తన బీరువా మీద ఉన్నది రాచదుమ్మని వాడి వాదన. తుడవమంటే చరిత్రను చెరపకూడదంటాడు.

మా అమ్మ పుట్టి పెరిగింది చవుడు మిద్దెలో. అక్కడ దుమ్ము బయటినుంచే రానక్కరలేదు, పైకప్పే మట్టి. అందుకే ఆమెకు దుమ్ముతో ఎట్లా మెలగాలో బాగా తెలుసు. కసువు ఊడ్చే ముందు నీళ్లు చిలకరించాలి, అరుగులూ అలమరలూ తడిగుడ్డతో తుడవాలి. నా భార్య పొడి పరక పట్టుకుంటే చాలు, "నిద్రపోయే దుమ్మును లేపి మళ్లా పండబెడతావా అమ్మీ?" అంటుంది. ఇప్పుడు శాస్త్రవేత్తలు చెప్పేదీ ఇదే. పెద్ద రేణువు తనంతట తానే కింద పడుతుంది. 10 మైక్రాన్లలోపుది గాలిలో తేలుతుంది. రెండున్నర మైక్రాన్లలోపుదైతే ముక్కునూ గొంతునూ దాటుకుని ఊపిరితిత్తుల లోపలిదాకా పోతుంది. తల వెంట్రుక మందమే 50 మైక్రాన్లకు పైమాట. అంటే కంటికి కనబడే దుమ్ము మర్యాదస్తురాలు. అసలు దొంగ కనబడనిది.

2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్లు తయారవడం మొదలయ్యాక మా అబ్బాయికి ఆ వైపే ఉద్యోగం దొరికింది. కార్లకు రంగు వేసే గదులు ఎట్లా ఉంటాయో వాడు చెబుతుంటే నాకు అసూయ పుట్టింది. గాలిని వడగట్టి పంపుతారట. లోపలి గాలి ఒత్తిడి బయటికన్నా కాస్త ఎక్కువ ఉంచుతారట, తలుపు తీసినా దుమ్ము లోపలికి రాకుండా. మనిషి లోపలికి పోవాలంటే వాడినీ గాలితో దులుపుతారట. రంగు ఆరేలోపు ఒక్క రేణువు పడినా కారు చెడిపోతుంది మరి. మనిషి అంత త్వరగా చెడిపోడు, అందుకే ఎవరికీ పట్టదు.

పక్కింటి నేతన్నదీ ఇదే లెక్క. ఇంట్లోనే గుంట మగ్గం. గాలి లేస్తే చాలు కిటికీలు మూసి, నేసిన చీర మీద శుభ్రమైన గుడ్డ కప్పుతాడు. "ముక్కుకు కూడా ఒక గుడ్డ కట్టుకో అన్నా" అంటే నవ్వాడు. "చీరకు మరక పడితే షావుకారు ధర తగ్గిస్తాడు సార్. నాకు పడితే తగ్గించేదానికి ఏముంది?"

ఈ అన్యాయం చూడలేక మా అబ్బాయి గాలిని శుద్ధి చేసే యంత్రం ఒకటి తెచ్చాడు. దానికొక దీపం, గాలిలో సన్నదుమ్ము ఎంతుందో చూపే ఒక అంకె. రెండున్నర మైక్రాన్లలోపు దుమ్ముకు మన దేశంలో రోజు సగటు పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15. బయట గాలి ఈలలు వేస్తుంటే అన్ని కిటికీలూ బిగించి అందరం దాని చుట్టూ కూర్చున్నాం. దీపం పసుపు దగ్గరే ఊగిసలాడింది. ఇంతలో వంటింట్లో నా భార్య పప్పులోకి తిరగవాత పెట్టింది. నూనె కాగింది, ఎండుమిర్చి చిటపటమంది, దీపం భగ్గున ఎర్రబడింది. అంకె మూడంకెల్లోకి ఎగబాకింది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి కదా, పొగకు పోయే దారి లేదు.

మా అమ్మ ఆ ఎర్రదీపాన్ని తీరిగ్గా చూసి, "ఇన్నేళ్లూ నన్ను దగ్గించింది ఆషాఢం గాలి అనుకుంటిని. మీ నాలుక రుచిరా నాయనా!" అంది. ఆ తర్వాత పప్పు వడ్డించుకోవడానికి ఎవరూ తొందరపడలేదు. కానీ మిగల్చనూ లేదు.

ఇప్పుడు మా ఇంట్లో కొత్త చట్టం. గాలి తక్కువగా ఉండే పొద్దున పూట కిటికీలు తెరవాలి. గాలి లేచాక మూయాలి. తిరగవాత వేళ ఎంత దుమ్ము లేచినా వంటింటి కిటికీ మాత్రం తెరిచే ఉండాలి. దోమల చుట్ట, సాంబ్రాణి మూసిన గదిలో వద్దు. తడిగుడ్డ శాఖ అమ్మ దగ్గరే ఉంది. ఆమె పర్యవేక్షిస్తుంది, నేను తుడుస్తాను.

యంత్రం మాత్రం తిరుగుతూనే ఉంది. రామగిరి కొండల మీద గాలిమరలూ తిరుగుతూనే ఉన్నాయి. ఆషాఢం గాలి మా ఇంట్లోకి దుమ్ము తెస్తుంది. అదే గాలి మరను తిప్పి కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటుతో యంత్రం ఆ దుమ్మును పీల్చేస్తుంది. గాలికి పని దొరికింది, మరకు పని దొరికింది, యంత్రానికి పని దొరికింది. బిల్లు కట్టే పని నాకు దొరికింది.