ఇల్లరికపు కవరు

ఆషాఢంలో పెళ్లిళ్లు వద్దంటారు పెద్దలు. ఢిల్లీ పెద్దలకు ఆ పట్టింపు ఉన్నట్టు లేదు. 2025 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్యాకింగుకు క్యూఆర్ కోడో, బార్‌కోడో, నంబరో ఉండి తీరాలన్నారు. చేసిందెవరు, రిజిస్ట్రేషన్ నంబరెంత, మందమెంత... అన్నీ అందులో తెలిసిపోతాయట. అంటే, కవరుకు జాతకం రాయించారు. జాతకం రాయించాక పిల్లను వెతకొద్దూ?

పిల్ల కోసం దూరం పోనక్కర్లేదు. నల్లగొండ క్లాక్‌టవర్ సెంటర్లో పొద్దున్నే నిలబడి ఉంటుంది. చెవికి పసుప్పచ్చ పోగు, దాని మీద 12 అంకెలు. పశువుల ఆధార్! ఆ పోగు కూడా ప్లాస్టిక్‌దే. అంటే పిల్లాడి తరఫువాళ్లు ఎప్పుడో వచ్చి చెవికి నగ పెట్టి వెళ్లారు, మనమే చూసుకోలేదు.

పిల్లాడు ఒడ్డూపొడుగూ ఉన్నవాడు. 2021లో 75 మైక్రాన్లకు పెంచారు, 2022 డిసెంబరు 31 నుంచి 120కి మేపారు. ఒళ్లు చేశాడు, బుద్ధి మాత్రం మారలేదు. జాతకం ఒంటి మీదే ఉండాలని లేదట, వెంట వచ్చే కరపత్రంలో ఉన్నా చాలట. వీధిలో దొరికిన పెళ్లికొడుకు ఎవరి కొడుకో తెలియాలంటే శుభలేఖ ఎక్కడ పడిందో వెతుక్కోవాలన్నమాట.

ఈ సంబంధంలో కన్యాశుల్కం ఉంది. పిల్లాడి పెద్దలు తాము ఊరి మీదికి వదిలిన ప్లాస్టిక్‌కు లెక్క చెప్పాలి. అందుకు రీసైక్లింగ్ సర్టిఫికెట్లు కొని చూపించినా సరే. 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీ చేస్తే దాదాపు 6 లక్షల దొంగ సర్టిఫికెట్లు దొరికాయి. శుల్కం చేతికి రాలేదు గానీ రసీదులు మాత్రం బోలెడు.

మోదుగాకు ఇస్తారి కూడా ఒకప్పుడు ఈ ఇంటి అల్లుడే. జాతకం లేదు, మైక్రాన్లు లేవు. పెళ్లి భోజనాలయ్యాక వచ్చేవాడు, పేడై చేనుకు పోయేవాడు. అత్తింట మకాం వేసిన పాపాన పోలేదు.

కవరు అలాంటివాడా? ఆవు కడుపు నాలుగు గదుల ఇల్లు. సాంబారు వాసనతో, ముడి కూడా విప్పకుండా లోపలికి దిగి మొదటి గదిలోనే మంచం వేస్తాడు. అరగడు, నెమరుకు పైకి రాడు, పక్క గదికి జరగడు. వెనకే తమ్ముళ్లొస్తారు: పాల ప్యాకెట్, చిప్స్ ప్యాకెట్, పూల దండ తెచ్చిన పల్చటి సంచి. ఇల్లరికమంటే అదీ! పిల్లకు ఆధార్, పిల్లాడికి క్యూఆర్. కాగితాలన్నీ సక్రమం. అక్షింతలు వేసి భోజనాలకు లేవడమే.

నేను మాత్రం లేవలేను. దేవరకొండ వైపు మా పెద్దమ్మకు ఒక బర్రె ఉండేది. ఒక ఏడు దాని కడుపు పెరుగుతూ పోయింది. "సూడిదైంది బిడ్డా, దుడ్డె పుడితే బాగుండు" అని సంబరపడింది. జున్ను ఎవరెవరికి పంపాలో కూడా లెక్కేసుకుంది. తర్వాత బర్రె మేత మానేసింది, నెమరు ఆగింది. డాక్టరు ఎడమ డొక్క కోసి చెయ్యి పెట్టి లాగితే, తాడులా పేనుకుపోయిన కవర్లు వచ్చాయి. ఒకదాని మీద చీరల దుకాణం పేరు ఇంకా చదవొస్తోంది. అంతకాలం కడుపులో నానినా అక్షరం చెరగలేదు. బర్రె మూడోనాడు పోయింది.

పేరు ఆనాడూ కవరు మీదే ఉందయ్యా! దుకాణం అడ్రసు కూడా ఉంది. ఆ కవరు మాదేనని ఒక్కడు రాలేదు, బర్రె ఖరీదు ఒక్కడు ఇవ్వలేదు, అడిగే అధికారి ఒక్కడు లేడు. ఇప్పుడు ఆ పేరునే నలుపు తెలుపు గళ్లలో దాచి, ఫోన్ పెట్టి చూసుకోమంటున్నారు. ఎవరు చూడాలి? డొక్క కోసిన డాక్టరా, కళ్లు తేలేసిన బర్రెనా?

మా వీధికి చెత్తబండి ఏ రోజు వస్తుందో, చచ్చిన బర్రె డబ్బు ఎవరి దగ్గర తీసుకోవాలో చెప్పే కోడ్ ఉంటే అచ్చెయ్యండి. మా పెద్దమ్మకు చదువు రాదు, ఫోనూ లేదు. అయినా పక్కింటి పిల్లాణ్ని బతిమాలైనా స్కాన్ చేయించుకుంటుంది.