అయిదు నిమిషాల మెకానిక్కులు

కారు మడ్‌గార్డులు ఎవరికి వారే అయిదు నిమిషాల్లో బిగించుకోవచ్చని యూట్యూబులో చెప్పే వీడియో పావుగంట ఉంటుంది. అందులో సగం సబ్‌స్క్రైబ్ చేసుకోమన్న వేడికోలు. అసలు ఘట్టం ఎడిటింగులో మాయం. చక్రం వెనకాల కనీకనపడని స్క్రూ, మరుక్షణం అరచేతిలో ప్రత్యక్షం!

అది నమ్మిన గృహస్థు ఆదివారం పొద్దున్నే అపార్ట్‌మెంట్ సెల్లార్లో చాప పరుస్తాడు. వాచ్‌మన్ సెల్‌ఫోన్ లైటు పడతాడు. నాలుగు మడ్‌గార్డుల మీదా ఎల్‌హెచ్, ఆర్‌హెచ్ అని అచ్చేసి ఉంటుంది. ఎడమంటే డ్రైవరు సీట్లో కూర్చున్నవాడి ఎడమ. మనవాడు బానెట్‌కు ఎదురుగా నిలబడి లెక్క వేస్తాడు. ఎడమది కుడివైపు పెట్టి, అది అతకకపోయేసరికి కంపెనీవాణ్ణి తిడతాడు.

పని నిజంగా కష్టమైతే ఎవరూ ఈ జోలికి పోరు. ఇది తేలికే. చాలా కార్లలో చక్రం పైన ఉండే ప్లాస్టిక్ లైనర్‌ను పట్టుకుని కంపెనీ స్క్రూలు ఉంటాయి. ఆ మోడల్ కోసమే చేసిన మడ్‌గార్డు కొంటే, వాటిని విప్పి, అవే రంధ్రాల్లో మళ్లీ బిగిస్తే సరి. ముందు చక్రాల దగ్గర స్టీరింగు పూర్తిగా ఒకవైపు తిప్పితే చెయ్యి పట్టే చోటు దొరుకుతుంది. వెనక చక్రాలు తిరగవు కాబట్టి పొట్టి స్క్రూడ్రైవరు కావాలి, లేదా జాకీ ఎక్కించి చక్రం ఊడదీయాలి. ఆ స్క్రూల తల చాలాసార్లు ప్లస్ గుర్తు కాదు, ఆరు మొనల నక్షత్రం. ఇంట్లో ఉన్న ప్లస్ స్క్రూడ్రైవరుతోనే నాలుగు తిప్పులు తిప్పితే నక్షత్రం అరిగి గుండ్రటి గుంటవుతుంది. ఇక అది రాదు, లోపలికీ పోదు.

అసలు కథ 'యూనివర్సల్' మడ్‌గార్డుతో మొదలవుతుంది. అన్ని కార్లకూ సరిపోతుందన్న సరుకు ఏ కారుకూ సరిగ్గా కూర్చోదు. రంధ్రాలు కలవవు. కలవకపోతే మనమే పెట్టుకుందామని పక్కింటి డ్రిల్లు అరువు తెస్తాడు.

ఫ్యాక్టరీలో కారు బాడీని మొత్తం ద్రావణంలో ముంచి, కరెంటు పారించి, తుప్పు పట్టకుండా పూత ఎక్కిస్తారు. దాని మందం దాదాపు 20 మైక్రాన్లు, వెంట్రుక కన్నా పలుచన. రంగంతా దాని మీదే. డ్రిల్లు బిట్టు ఒక్క గిరగిరతో దాన్ని చీల్చుకుని ఉత్త రేకు బయటపెడుతుంది. అక్కడే బురద, నీళ్లు నిలిచే మడ్‌గార్డు కూర్చుంటుంది. బురద నుంచి బాడీని కాపాడడానికి తెచ్చిన వస్తువు చాటునే తుప్పు కాపురం పెడుతుంది. సముద్రపు ఉప్పుగాలి తగిలే విశాఖ, కాకినాడల్లో ఆ కాపురం ఇంకాస్త తొందరగా పిల్లాపాపలతో వర్ధిల్లుతుంది. బిగింపు కూలి మిగిలిందన్న సంబరం టింకరింగ్, పెయింటింగ్ బిల్లు దాకానే.

స్క్రూ పొడుగైతే మరో ప్రమాదం. దాని మొన టైరు వైపు తొంగిచూస్తుంది, స్టీరింగు తిప్పినప్పుడు రాసుకుంటుంది. మడ్‌గార్డు పొడుగైతే స్పీడ్‌బ్రేకరుకు గీరుకుంటుంది. రివర్స్ చేస్తుండగా ఫుట్‌పాత్ అంచుకూ టైరుకూ మధ్య చిక్కిందంటే తాను ఊడడమే కాదు, బంపరు క్లిప్పుల్ని కూడా వెంట లాక్కుపోతుంది.

కంపెనీ రంధ్రాలున్న కారైతే, సరైన మోడలు మడ్‌గార్డు దొరికితే, నిక్షేపంగా మీరే బిగించుకోండి. డ్రిల్లు మాత్రం పక్కింటాయనకు ఇచ్చిరండి.