యాభై ఏడో వరస

ఎవరికీ చెప్పుకోని సంగతి ఒకటి మీకు చెబుతాను. నాలుగు ముక్కలు కొత్తగా చదివామంటే వాటిని ఎక్కడో ఒకచోట ఒలకబోసేదాకా మనకి నిద్ర పట్టదు. నేను ఒలకబోసింది ఉప్పాడలో, జాందానీ మగ్గం దగ్గర.

తత్వవేత్త విట్‌గెన్‌స్టయిన్ మీద మరో తత్వవేత్త క్రిప్కే 1982లో వేసిన పుస్తకం అప్పుడే ముగించాను. అందులో ఓ సందేహం ఉంది. ఇప్పటిదాకా 57 కన్నా చిన్న సంఖ్యలే కూడావనుకో. 68కీ 57కీ కూడిక 125 అంటావు. కానీ నువ్వు ఇన్నాళ్లూ చేసింది కూడికేనని, 57 వచ్చిందంటే చాలు జవాబు 5 అనే మరేదో లెక్క కాదని రుజువేది? పాత లెక్కలు రెండింటికీ సరిపోతాయి. మనసంతా గాలించినా సాక్ష్యం దొరకదు. వారం రోజులు నాకు చిల్లర లెక్కపెట్టుకోవాలన్నా అనుమానమే. ఊళ్లో ఇంత లోతు సందేహం నా ఒక్కడికే వచ్చిందని గర్వం కూడా.

మగ్గం మీద ఇద్దరు ఆడవాళ్లు పక్కపక్కన కూర్చుని, గ్రాఫు కాగితం చూస్తూ, పడుగు పోగుల మధ్య జరీ చేత్తో దూరుస్తున్నారు. రెండు వైపులా ఒకేలా కనిపించే నేత అది.

"పిన్నిగారూ, యాభై ఆరు వరసలు ఇలా వేశారు. యాభై ఏడోదీ ఇలాగే వెయ్యాలని ఎక్కడుంది?"

"కాయితంలో ఉందండి."

"ఆ కాయితాన్ని ఇలాగే చదవాలని ఎక్కడుంది?"

"అయితే మీరే వెయ్యండి బాబూ" అని ఆవిడ జరిగి చోటిచ్చింది.

అక్కడ ఆగాల్సింది. ఆగలేదు. కూర్చున్నాను, పోగులు ఎత్తాను, జరీ దూర్చాను, పేక పడింది, మళ్లీ దూర్చాను, మళ్లీ పడింది, నోరు మాత్రం క్రిప్కేని వదల్లేదు, ఈలోగా పక్కావిడ "ఆగండాగండి, మావిడిపిందె వంకరపోయింది" అంది. అప్పుడైనా ఊరుకున్నానా? "నా నియమం ప్రకారం ఇదే ఒప్పేమో" అన్నాను.

ఎవరూ మాట్లాడలేదు. పక్కావిడ వంగి, పోగు తెగకుండా నా వరసలు విప్పడం మొదలెట్టింది. వెయ్యడానికి పట్టినదానికి పదింతలు పట్టింది. వాళ్ల పూట పని నా మాటలు మింగేశాయి. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మెడ వంగిపోతుంది.

జవాబు ఆ పుస్తకంలోనే ఉంది. ఒంటరివాడి లోపల ఆధారం దొరకదు, తప్పూ ఒప్పూ నిలిచేది దిద్దే నలుగురి మధ్యే అంటాడు క్రిప్కే. నలుగురూ కలిసి తప్పితే ఏమిటన్న ప్రశ్న నన్ను ఇంకా వదల్లేదు. కానీ దిద్దడమంటే ఏమిటో ఆ పూట నా కళ్లతో చూశాను.

లేవబోయాను. పిన్నిగారు నా వేలు పట్టుకుని ఒక పోగు మీద పెట్టింది. జరీ దూర్చి పక్కకి చూశాను. పక్కావిడ ఏమీ అనలేదు. నాడె వదిలింది.