శీర్షికకు గుండు

సాహిత్య పరిశోధకుడికి అసలు చిక్కు అంశం దొరక్కపోవడం కాదు, దొరికినదాన్ని కత్తిరించుకోలేకపోవడం. ‘అన్నమయ్య సాహిత్యం – సమగ్ర పరిశీలన’ అని రాయడానికి నాలుగు మాటలు చాలు. చేయడానికి నాలుగు జన్మలు కావాలి. రాగిరేకుల్లో మనకు దక్కిన సంకీర్తనలే పన్నెండు వేల పైమాట. వాటిని పరిష్కరించి అచ్చుకెక్కించడానికి సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి ఉద్దండులు ఒకరి తర్వాత ఒకరు పూనుకోవలసి వచ్చింది. మనవాడు మాత్రం నాలుగైదేళ్లలో ‘సమగ్రం’ చుట్టబెట్టేస్తాడు! మొదటి అధ్యాయం కవి జీవితం, రెండోది కాల పరిస్థితులు, చివరిది ఉపసంహారం. మధ్యలో కవిత్వానికి చోటు మిగిలితే అది అన్నమయ్య అదృష్టం.

చిన్న అంశమైతే మూడొందల పేజీలు నిండవని ఒక భయం. నిండనిది అంశం చిన్నదై కాదు, చదువు చిన్నదై. అన్నమయ్య సువ్వి పాటలనే తీసుకోండి: రోకటి పోటు పదాల విరుపును ఎలా నడిపింది? రచయిత నామిని ‘మునికన్నడి సేద్యం’లో సేద్యపు మాటలనే ఏరండి: చిత్తూరు పల్లెల్లో ఏది ఇంకా బతికుంది, ఏది ట్రాక్టరు కింద నలిగిపోయింది? దీనికి ఊరూరా తిరగాలి, రైతునడగాలి. ‘సమగ్రం’ మీద మోజుకు కారణం ఇదే. అది కుర్చీ దిగకుండా పూర్తవుతుంది. మరి విశాల దృష్టి వద్దా అంటారేమో. కావాలి, కానీ అది ముగింపులో తేలాలి, శీర్షికలో కాదు. అలిపిరి నుంచి తిరుమల కొండకు 3,550 మెట్లు; మొదటి మెట్టు మీదే దర్శనమైపోయిందంటే ఎవరు నమ్ముతారు? ముందు ఆ శీర్షికకు గుండు కొట్టించండి.