అంగుష్ఠభాష్యము

మూలము: “అకౌస్టిక్‌లో టామీ తర్వాతే ఎవడైనా. డిబేట్ లేదు బ్రో.”

అవతారిక. మా మేడమీది వాటాలో అద్దెకుండు చిరంజీవి, ఇంజనీరింగు మూడవయేడు చదువుచున్నాడని వాని తల్లి చెప్పగా విన్నవాడనే గాని చదువుచుండగా కన్నవాడను గాను, ఒకనాటి సాయంకాలమున డాబామీద సహపాఠితో వాదమునకు దిగి, పిట్టగోడపై మోచేయి ఆనించి, పైవాక్యము నుచ్చరించెను. క్రింద వసారాలో పడకకుర్చీయందున్న నా చెవిని అది పడినది. ఏడుపదముల యీ వాక్యమునకు సూత్రమునకు ఉండదగిన అల్పాక్షరత్వము సంపూర్ణముగా నున్నది. అసందిగ్ధత్వము మాత్రము వక్త గొంతులోనే గాని వాక్యములో లేదు. సందేహమున్నచోట వ్యాఖ్యాతకు విస్తరి వేసినట్లే. మూలములో లేనిది వ్రాయననియు, అక్కరలేనిది పలుకననియు ప్రతిజ్ఞపట్టి కాళిదాస కావ్యములకు టీకలు రచించిన కోలాచలము మల్లినాథసూరి మన తెలుగుగడ్డవాడే యగుటచే నాకును కొంత ధైర్యము చిక్కినది. ఆయన ప్రతిజ్ఞలో మొదటిసగము నేనును పాటింతును. రెండవసగము నాబోటి వానికి అలవి గాదు.

టీక. అకౌస్టిక్‌లో: విద్యుత్తు సాయము లేక, తీగె వణకును పెట్టెకడుపులోని గాలియు పైపలకయు కలిసి పెంచి పలికించు గిటారునందు, అని అర్థము. ఈ విశేషణము ఆ వాద్యమునకు పుట్టుకతో వచ్చినది గాదు. 1930ల తొలినాళ్ళలో విద్యుద్గిటారు అంగడి కెక్కువఱకు లోకము గిటారును గిటారనియే పిలిచినది. ఫారముకోళ్ళు వచ్చినపిదపనే గదా మన పెరటికోడికి నాటుకోడియని పేరు కలిగినది!

ఈ లక్షణమును కఠినముగా పట్టినచో మొదటనే చిక్కు వచ్చును. మూలమున ప్రశంసింపబడిన మహాశయుడు వాయించు మేటన్ గిటారు కడుపులో మైకును పికప్పును అమర్చబడియుండును. వేలమంది కూర్చున్న సభలో ఆయన దానికి వైరు తగిలించియే వాయించును. కావున విద్యుత్తు సోకరాదను లక్షణము లక్ష్యమునే విడిచిపెట్టుచున్నది. తార్కికులు దీనిని అవ్యాప్తిదోష మందురు. పోనిండు, బోలుపెట్టె యున్న చాలునందుమా, మన వీణకును తంబురాకును బోలుకాయలే యున్నవి, అది అతివ్యాప్తి. వైరును అంటనివారే వలయునన్నచో స్పెయిన్ దేశపు ఆండ్రెస్ సెగోవియా (1893–1987) యొక్కడే మడికట్టుకొని నిలుచును. పెద్దపెద్ద సభలందును మైకు నొల్లక, వినదలచినవారు నిశ్శబ్దముగా విందురు గాక యనిన ఆచారపరుడాయన. కాని ఆయనవి తొలుత ప్రేగుతీగెలు, పిమ్మట నైలాను తీగెలు, టామీవి ఉక్కుతీగెలు. ఈ యిరువురికి ఒకే పంక్తిలో విస్తరి వేయవచ్చునా యన్నది వేఱొక వ్యాజ్యము. (ఈ సందర్భముననే నా సొంతగోడు ఒకటి చెప్పుకొందును. మన పాలకొల్లున పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, జాన్ మెక్‌లాక్లిన్ గిటారు ప్రక్కను సరిసమానముగా కూర్చుండి ‘రిమెంబర్ శక్తి’ కచేరీలు చేసినవాడు, మేటి వాదకుల జాబితాలలో ఎక్కడను కానరాడు. వాద్యము మాండొలిన్ యగుట యొక దోషము, అది విద్యున్మాండొలిన్ యగుట రెండవ దోషము. లక్షణమునకు హృదయము లేదు.)

టామీ: తెలుగిండ్లలో ఈ శబ్దము పెంపుడు శునకమునందు రూఢమై యున్నను, ఇచ్చట ప్రకరణబలముచేత 1955లో ఆస్ట్రేలియాయందు జన్మించిన టామీ ఇమాన్యుయెల్ అనియే గ్రహింపవలెను. ఒక్క గిటారుపైననే మంద్రమున బొటనవ్రేలితో తాళగతిని, పైతీగెలపై తక్కిన వ్రేళ్ళతో పాటను, నడుమ నడుమ పెట్టెను చఱచి మృదంగమును గూడ వినిపించి, తెరవెనుక మఱి యిద్దరున్నారేమో యని తొంగిచూడబుద్ధి పుట్టించును.

తర్వాతే: ఈ సూత్రమునకు ప్రాణమిచ్చటనే యున్నది. చివరి ఏకారము అవధారణార్థకము. ముందు గాదు, ప్రక్కను గాదు, తర్వాతనే యని నిశ్చయము. ఐతే దేని తర్వాత? ‘తర్వాత’ యను మాటకు వరుసలో వెనుక యనియు, కాలములో పిమ్మట యనియు రెండర్థములు కలవు. వక్త వరుసయే తలచెను. సహపాఠి మాత్రము కాలము నందుకొని, “రేయ్, టామీయే చెట్ దగ్గర నేర్చుకున్నాడు కదరా!” అనెను. డాబామీద కొంతసేపు నిశ్శబ్దమయ్యెను. ఆ నిశ్శబ్దముననే ఈ భాష్యము పుట్టినది.

ఏలయన కాలార్థమున చూచినచో టామీయే అందఱి తర్వాతివాడు. అతడు ఏడేండ్ల ప్రాయమున రేడియోలో అమెరికావాడగు చెట్ ఆట్కిన్స్ (1924–2001) వాద్యమును విని పరవశుడై, ఏకలవ్యునివలె దూరమునుండియే గురువును వరించి, పెద్దవాడై నాష్‌విల్ చేరి దర్శించి, 1997లో ఆయనతో కలిసి యొక సంపుటము వెలువరించెను. 1999లో ఆ గురువు తాను వేళ్ళపై లెక్కింపదగినవారికే యిచ్చిన ‘సర్టిఫైడ్ గిటార్ ప్లేయర్’ బిరుదమును ఈ శిష్యునకు నొసగెను. కృష్ణరాయలు పెద్దన కాలికి తొడిగిన గండపెండేరము వంటిదే యిది; ఐనను బిరుదములో ‘మేటి’ యను మాటగాని ‘మొదటి’ యను మాటగాని లేదని గమనింపవలెను. ఇతడు గిటారు వాయింపగలవాడు, అని మాత్రమే గురువు ధ్రువపఱచెను.

ఆ చెట్ ఆట్కిన్స్ మఱి ఎవని తర్వాత? 1930ల చివర, కుఱ్ఱవాడై యున్నప్పుడు, సిన్సినాటి రేడియోలో మెర్ల్ ట్రావిస్ వాద్యమును అతడు వినెను. ట్రావిస్ కుడిచేత బొటనవ్రేలును చూపుడువ్రేలును మాత్రమే పనిచేయుచుండెను. రేడియోకు కన్నులు లేవు గాన, ఇంతటి నాదమునకు రెండు వ్రేళ్ళు చాలవని తలచి చెట్ బొటనవ్రేలికి తోడు మఱి రెండుమూడు వ్రేళ్ళను సాధన చేసెను. వేదాంతులు చెప్పు రజ్జుసర్పభ్రాంతి యిదియే. ఐతే త్రాటిని పామనుకొన్నవాడు భయముచే పరుగెత్తును, ఈతడు పామును పట్టవలెనని కూర్చుండి నిజముగనే యొక పామును పట్టెను. పొరపాటు వినికిడినుండి యింతటి సంప్రదాయము పుట్టిన తావు మఱియొకటి నాకు స్ఫురించుట లేదు.

ట్రావిస్ (1917–1983) కెంటకీ రాష్ట్రమున మ్యూలెన్‌బర్గ్ కౌంటీ బొగ్గుగనుల సీమవాడు. అతనికి ఆ బొటనవ్రేలి విద్య అబ్బినది మోస్ రేగర్, ఐక్ ఎవర్లీ యను గనికార్మికులవలన. వారికి కెనెడీ జోన్స్ అను వానివలన. జోన్స్‌కు దారిచూపినవాడు ఆర్నల్డ్ షుల్ట్జ్ (1886–1931) అను నల్లజాతి వాద్యకారుడు. గనులలో పనిచేయుచు, నాట్యశాలలందు, విందులందు వాయించుచు, చూచినవారి వ్రేళ్ళలో తన వ్రేళ్ళను విడిచి పోయినవాడు. అతని వాద్యము రికార్డు మీది కెక్కినట్లు ఎక్కడను జాడ లేదు. జాబితాలు వ్రాయువారు రికార్డులను విని వ్రాయుదురు గాన, ఆ వంశమున కంతకు మూలపురుషుడైన ఈతడు ఏ జాబితాలోను ముందును గాడు, తర్వాతయు గాడు. బ్లూగ్రాస్ సంగీతమునకు ఆద్యుడని పేర్గొన్న బిల్ మన్రోయు బాల్యమున ఈతని వెంట నాట్యసభలలో వాయించినవాడే. మేడమీది చిరంజీవి చెవిలో టామీ మ్రోగించు మంద్రతాళమున ఈ పేరెఱుగని బొటనవ్రేలు ఇంకను కదలుచునే యున్నది.

ఇక వరుసయను అర్థమే గైకొన్నచో, కొలతబద్ద యెద్ది? వేగమా? నాదమా? సహపాఠి యొక విచిత్ర ప్రతిపాదన చేసెను: తక్కువ వ్రేళ్ళతో ఎక్కువ పలికించినవాడే మేటి యని. జాంగో రైన్‌హార్ట్ (1910–1953) అను రోమానీ జాతివాడు 1928లో తాను నివసించు బండి అగ్నికి ఆహుతి కాగా ఎడమచేతి రెండు వ్రేళ్ళు కాలి బిగుసుకొనిపోయినను, మిగిలిన రెంటితోనే స్వరధారలు కురిపించి, 1934లో పారిస్‌లో వయొలిన్ విద్వాంసుడు స్తెఫాన్ గ్రాపెల్లితో కలిసి తంత్రీవాద్యపంచకము నొకదాని నెలకొల్పెను. సహపాఠి లెక్క నాకు నచ్చినదే. కాని దానిని చివరివఱకు లాగినచో వ్రేళ్ళు లేనివాడు మొదటిస్థానము నలంకరింపవలసివచ్చునని వెఱచి విడిచిపెట్టితిని.

ఎవడైనా: ఇది మహద్వాచకము. చిన్నయసూరి బాలవ్యాకరణము చదివిన వారెవరును ఈ పదముచేత స్త్రీలను గ్రహింపరు. కావున టామీకి తర్వాతివారు పురుషులే. స్త్రీలు ముందుండవచ్చునని మూలకారుడు తనకు తెలియకయే యంగీకరించినాడు. ఈ యంగీకారమును నేను సంతోషముతో స్వీకరించుచున్నాను. ఎలిజబెత్ కాటెన్ అను నల్లజాతి స్త్రీ ఎడమచేతివాటము గలదగుటచే, కుడిచేతివారి గిటారును తీగెలు మార్చకయే తలక్రిందుగా పట్టి, వ్రేళ్ళతో మంద్రమును బొటనవ్రేలితో పాటను మీటుచు, లోకమంతటి పద్ధతిని తిరగవేసినది. నడుమ దశాబ్దములపాటు గిటారును విడిచి, పరుల యిండ్లలో పనిచేసి, సీగర్ కుటుంబమువారి యింట మరల చేపట్టి, తొంబదేండ్లు దాటినపిదప 1985లో గ్రామీ నందుకొన్నది.

జోనీ మిచెల్ సంగతి మఱియు వింత. తొమ్మిదవయేట పోలియో సోకి ఎడమచేయి బలహీనమగుటచే, వాడుకలోని శ్రుతిలో పట్టులు పట్టజాలక, తీగెలనే తన చేతికి తగినట్లు పదులకొలది క్రొత్త శ్రుతులకు బిగించుకొన్నది. రోలింగ్ స్టోన్ పత్రిక 2003లో ప్రకటించిన నూర్గురు గిటారువాదకుల పట్టికలో, అది విద్యుద్గిటారును ఉమ్మడిగా లెక్కించినది, ఆమెకు 72వ స్థానము. 2023 పట్టికలో 9వ స్థానము. ఈ నడుమ 2015లో మెదడులో రక్తనాళము చిట్లి, నడకతోబాటు గిటారును గూడ మొదటినుండి నేర్చుకొనవలసివచ్చి, 2022లో గాని మరల సభలో గిటారు చేపట్టలేదు. ఆమె గిటారును మఱచిన కాలమున ఆమె స్థానము 63 మెట్లు ఎక్కినది! ఎక్కినది పట్టిక వ్రాయువారి చెవియో, సిగ్గో, పాఠకులు నిర్ణయింతురు గాక.

డిబేట్ లేదు: ఇచ్చట లేమి ఏవిధమైనది? తార్కికులు అభావము నాలుగువిధములనిరి. అత్యంతాభావ మనరాదు, ఏలయన వాక్యము ముగిసినది మొదలు రెండుగంటలసేపు డిబేట్ జరిగినది. మా యింటి గోడలే సాక్ష్యము. కావున ప్రాగభావము: కుండ పుట్టకముందు కుండ లేనట్లు, ఈ మాట పలుకునంతవఱకు డిబేట్ లేదు, అని అన్వయము. సత్యమే.

బ్రో: పాదపూరణార్థకమగు నిపాతము. ‘మామా’ యని పాఠాంతరము. గాలి యటు వీచుటచే స్పష్టముగా వినబడలేదు. ఈ శాస్త్రమున పాఠాంతరములు క్రొత్తవి గావు. గిటారువాదకులలో మేటియైన నీకు ఎట్లున్నదని అడుగగా జిమీ హెండ్రిక్స్ వినయముతో వేఱొకని పేరుచెప్పి వానినే యడుగుడనెనని యొక ఐతిహ్యము కలదు. ఆ వేఱొకడు ఐర్లండు ప్రతిలో రోరీ గాలఘర్, షికాగో ప్రతిలో టెర్రీ కాథ్, భక్తిగీతప్రియుల ప్రతిలో ఫిల్ కీగీ. కీగీ, బాల్యముననే కుడిచేతి నడిమివ్రేలిలో సగము పోగొట్టుకొన్నవాడు, ఆ కథ నిజము కాదని తానే చెప్పినను అభిమానులు విడిచిపెట్టలేదు. ఎవరి గ్రామమున చెప్పిన ఆ గ్రామదేవత పేరు చేర్చు కథలు మనకును తెలియనివి గావు.

తాత్పర్యము: స్పష్టము.

విశేషము. సహపాఠి బండి యెక్కి వెడలినపిమ్మట మేడమీదివాడు తన గిటారు తెచ్చుకొని, ట్రావిస్‌వలె బొటనవ్రేలితో మంద్రము నడుపుచు చూపుడువ్రేలితో పాట మీటుటకు గడంగెను. పాట కదలినప్పుడెల్ల తాళము నిలిచిపోవుచుండెను. తాళము పట్టుకొనినచో పాట పాఱిపోవుచుండెను. “అన్నం చల్లారిపోతోందిరా” యని తల్లి రెండుమార్లు పిలిచినది. పాట మానివేసినాడు. బొటనవ్రేలు మాత్రము, ఒక్క తీగెపైననే, నిదానముగా, ఇంకను కొంతసేపు వినబడినది.