మిలిటరీ బండి సార్ ఇది!

పాత ఇనుప సామాన్ల యార్డులో మూల పడి ఉన్న జీపుకి రెండు ధరలుంటాయి. మామూలు రోజుల్లో దాని ధర కిలోల లెక్క. జీపు పిచ్చి ఉన్న మనిషి ఒకడు గేటు దాటి లోపలికొచ్చి, బానెట్ మీద చెయ్యేసి, ఒక్క నిట్టూర్పు విడిచాడా, ఆ క్షణం నుంచీ ధర చరిత్ర లెక్కలోకి మారిపోతుంది. యార్డు యజమాని చరిత్ర చదువుకున్నవాడు కాకపోవచ్చు. నిట్టూర్పులు చదవడంలో మాత్రం ఆయన పండిపోయాడు.

"ఎక్కడిదండీ ఇది?"

"మిలిటరీ బండి సార్ ఇది. యుద్ధంలో తిరిగింది."

"ఏ యుద్ధంలో?"

యజమాని ఒకసారి ఎగాదిగా చూస్తాడు. వచ్చినవాడి తల నెరిసి ఉంటే రెండో ప్రపంచ యుద్ధం, కుర్రాడైతే కార్గిల్.

నిజంగా ప్రపంచ యుద్ధంలో తిరిగిన జీపుని పోల్చుకోవడం బ్రహ్మవిద్యేం కాదు. ఎదురుగా నిలబడి పది లోపు అంకెలు లెక్కపెట్టడం వస్తే చాలు. 1941 నుంచి 1945 దాకా అమెరికాలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారు చేశాయి. వాటిలో చాలావాటికి ముఖం మీద రేకులో కోసిన నిలువు సందులు తొమ్మిది. యుద్ధం అయ్యాక జనం కోసం చేసిన జీపులకి ఏడు. ఫోర్డు వాళ్లయితే తమ జీపులో బోల్టుల తలల మీద కూడా 'ఎఫ్' అని ముద్ర కొట్టుకున్నారు. పెళ్లివారింటి గిన్నెల మీద పేర్లు చెక్కించుకున్నంత శ్రద్ధ అది. కాబట్టి ముసలి జీపు కింద దూరి, బోల్టుకున్న మడ్డి గోకి, "ఎఫ్... ఎఫ్..." అని గొణుక్కుంటున్న మనిషి ఎవరైనా కనిపిస్తే కంగారు పడి అంబులెన్స్ పిలవనక్కర్లేదు.

మన యార్డుల్లో కనిపించేవి దాదాపుగా ఏడు సందులవే. మహీంద్రా వాళ్లు 1949లో బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. తర్వాత వాళ్ల చేతుల మీదుగా ఊరూరా తిరిగింది సీజే-3బీ అనే రకం. నుదురు కాస్త ఎక్కువ ఎత్తుగా ఉంటే అదే. దానిలో పెట్టిన హరికేన్ ఇంజిన్‌కి లోపలికి గాలి తీసుకునే వాల్వుల్ని పైకి, హెడ్‌లోకి మార్చారు. దాంతో ఇంజిన్ పొడుగైపోయింది. పాత బానెట్ మూత పడలేదు. బానెట్‌ని ఎత్తు పెంచేశారు, సమస్య తీరిపోయింది. అందం సంగతి ఎవరికీ గుర్తొచ్చినట్టు లేదు. అమెరికాలో 1953లో పుట్టిన ఈ నమూనా 1968లో ఆగిపోయింది. మన దగ్గర మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు కొత్తగా పుడుతూనే ఉంది.

ఇవి చూసిన యుద్ధాలు వేరు. 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు వచ్చాక బీడీవో గారి జీపు అంటే ఊరికి ప్రభుత్వమే వచ్చినట్టు. వెనకాల దుమ్ము, ఆ దుమ్ములో పిల్లలు. మలేరియా మందు కొట్టేవాళ్లని మోసింది, కుటుంబ నియంత్రణ ప్రచారం చేసింది, అప్పుల వసూలుకెళ్లి ఖాళీగా తిరిగొచ్చింది, ఎన్నికలప్పుడు మైకు కట్టించుకుని గొంతు పోగొట్టుకుంది. తర్వాత సమితులు పోయి మండలాలు వచ్చాయి, జీపుని 'కండెం' చేశారు, ఆఫీసు ఆవరణలో వేపచెట్టు కింద పెట్టారు. మొదట బ్యాటరీ పోయింది, తర్వాత స్టెపినీ, ఆ తర్వాత సీట్లు. చివరికి చెట్టుని కొట్టాల్సి వచ్చినప్పుడు కింద ఏదో ఉందని ఎవరికో గుర్తొచ్చి వేలం వేశారు. ఇలాంటి బండిని మిలిటరీదనడం యార్డు యజమాని అబద్ధం. కానీ సమితి జీపు అంటే బేరం పలకదు.

బేరం కుదిరాక బండి లారీ మీద ఇంటికొస్తుంది. సొంత చక్రాల మీద రావడానికి చక్రాలుండాలి. వాకిట్లో దించుతున్నప్పుడు ఇల్లాలు గుమ్మంలో నిలబడి చూస్తుంది.

"ఏవండీ, దీనికి ఇంజినేదీ?"

"వస్తుంది."

"ఎప్పుడు?"

"ముందు షెడ్డు వెయ్యాలి."

ఈ సంభాషణని పొడిగించిన దంపతులు తక్కువ.

పాత జీపుని కాపాడటం అంటే ఇనుముని కాపాడటం అని కొత్తవాళ్లనుకుంటారు. అసలు కాపాడవలసింది ఒక చిన్న నంబరుని. ఫైర్‌వాల్ మీద రివెట్లతో బిగించిన అరచేతంత రేకు ఒకటుంటుంది, అది ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది. ఇక మిగిలింది చాసిస్ పట్టీ మీద కొట్టిన అంకెలు. కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో మడ్డి తుడుస్తారు. కింద ఒక రంగు, దాని కింద ఇంకో రంగు, దాని కింద తుప్పు. ఉప్పుకాగితంతో మెల్లగా రుద్దుతారు. గట్టిగా రుద్దితే తుప్పుతో పాటు అంకె కూడా లేచొస్తుందని భయం. ఒకటి తేలుతుంది, ఏడు తేలుతుంది, తర్వాతది మూడా ఎనిమిదా అని తగాదా వస్తుంది. అప్పుడు ఎవరో ఒక పాతకాపు తెల్లకాగితం అద్ది, దాని మీద పెన్సిల్ అడ్డంగా పెట్టి రుద్దుతాడు. రవాణా శాఖ వాళ్లు చాసిస్ ప్రింటు తీసే పద్ధతే అది. కాగితం మీద ఎనిమిది తెల్లగా పైకొస్తుంది. ఆర్‌సీ పుస్తకంలో ఉన్నది మూడు. గుమస్తా చేతిరాత తుప్పు కన్నా ప్రమాదకరం.

ఆ నంబరు విలువ ఎంతో తెలియాలంటే జీపుకి దాయాది అయిన ల్యాండ్ రోవర్ పుట్టిన ఇంగ్లండు వెళ్లాలి. వరుస ఉత్పత్తిలో మొట్టమొదటి ల్యాండ్ రోవర్ 1948 నాటిది, చాసిస్ నంబరు 860001. అలాంటి అంకె ఉన్న బండిని గాజు గదిలో పెట్టి కాపలా కాస్తారని మనం అనుకుంటాం. నార్తంబర్లండ్‌లో ఒక రైతు దాన్ని 1970లో 15 పౌండ్లకి కొని పొలం పనికి వాడుకున్నాడు. అరిగేదాకా వాడాక పొలంలోనే వదిలేశాడు. ఏళ్ల తరబడి అది వానలో నానింది. ఆఖరికి ఇనియోస్ కంపెనీ అధినేత జిమ్ రాట్‌క్లిఫ్ దాన్ని కొన్నాడు. ఈయన మామూలు ల్యాండ్ రోవర్ భక్తుడు కాదు. 2016లో ల్యాండ్ రోవర్ కంపెనీ డిఫెండర్ అనే పాత నమూనా తయారీ ఆపేస్తే, పోనీలే అని ఊరుకోకుండా, అదే పోలికలతో గ్రెనేడియర్ అనే బండిని సొంతంగా తయారు చేయించినవాడు. కూరలో ఉప్పు తక్కువైందని హోటలు పెట్టేవాళ్ల కోవ అన్నమాట.

ఆయన ఆ ముసలి బండిని జూలియన్ షూల్‌హైఫర్ అనే నిపుణుడికి అప్పగించాడు. షూల్‌హైఫర్ చేసిన పని మన టింకరింగ్ మేస్త్రీలకి వివరిస్తే ఆయన్ని షెడ్డులోకి రానివ్వరు. సొట్టలు తియ్యలేదు. వెలిసిన రంగు మీద కొత్త రంగు వెయ్యలేదు. చీకిపోయిన చోట మాత్రమే కొత్త ముక్క అతికి, మిగతా పాత లోహాన్ని పాతగానే ఉంచాడు. అంత కష్టపడి బాగుచేశాక బండి చూడటానికి ఇప్పుడే పొలంలోంచి లాక్కొచ్చినట్టు ఉంది. అదే ఆ పని గొప్పతనం.

మన మేస్త్రీ సిద్ధాంతం దీనికి సరిగ్గా ఎదురు. ఆయన సుత్తితో బాడీ చుట్టూ నాలుగు చోట్ల కొట్టి, చప్పుడు విని, తీర్పు చెబుతాడు. "చాసిస్ ఉంచుదాం సార్. మిగతాదంతా కోసేద్దాం." కోసేస్తాడు కూడా. కొత్త గేజి రేకు తెచ్చి, నేల మీద సుద్దముక్కతో గీతలు గీసి, వంచి, వెల్డింగ్ కొట్టి, పుట్టీ పెట్టి, అద్దంలా మెరిసే బాడీ దించుతాడు. హర్యానా సరిహద్దులో దబ్వాలీ అనే ఊరు మిలిటరీ డిస్పోజల్ సామాన్లతో జీపులు కట్టడానికి పేరుమోసింది. అక్కడ పాత జీపు అనే మాటకి అర్థం చాలా విశాలం. ఈ పద్ధతిని వెక్కిరించడం తేలిక కానీ, బీదదేశంలో బండ్లు బతికింది ఈ మేస్త్రీల వల్లే. బొంబాయి నుంచి పార్టు వచ్చేదాకా ఆగి ఉంటే ఆ జీపులన్నీ వేపచెట్ల కిందే పోయేవి. పెట్రోలు ధర పెరిగినప్పుడు హరికేన్ ఇంజిన్ పీకి మ్యాటడార్ వ్యాను డీజిల్ ఇంజిన్ దించిన చేతులు కూడా అవే. ఇంజిన్‌కీ గేర్‌బాక్సుకీ పొత్తు కుదరకపోతే మధ్యలో ఒక ప్లేటు లేతులో తిప్పించి కాపురం నిలబెట్టారు.

ల్యాండ్ రోవర్ మన యార్డుకొస్తే గతి వేరు. యుద్ధానంతరం బ్రిటన్‌లో ఉక్కుకి రేషన్ ఉండటంతో దాని బాడీని అల్యూమినియం మిశ్రమంతో చేశారు. తుప్పు పట్టదు. కానీ పాత సామాన్ల కొట్టువాడికి తుప్పు పట్టని రేకు చూస్తే చరిత్ర కనపడదు, అల్యూమినియం రేటు కనపడుతుంది. జీపుని తుప్పు తింటే దీన్ని గిన్నెల కొలిమి తింటుంది.

కంపెనీ వాళ్ల శ్రద్ధ మాత్రం ఇంతకన్నా గొప్పదని అనుకోవద్దు. 1948 ఏప్రిల్‌లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో ల్యాండ్ రోవర్‌ని ప్రపంచానికి చూపించినప్పుడు వేదిక మీదున్న బండి జాడ దశాబ్దాల పాటు తెలియలేదు. అది వేల్స్‌లో ఒక పొలంలో కదలకుండా నిలబడి యంత్రాలకు శక్తినిస్తూ ఇరవై ఏళ్లు గడిపింది. తర్వాత ఎవరో బాగుచేద్దామని కొని, మనందరి లాగే వచ్చే నెల, వచ్చే నెల అనుకుంటూ తోటలో వదిలేశారు. దొరికింది ఎక్కడంటే, అది పుట్టిన సోలిహల్ ఫ్యాక్టరీకి కొద్ది మైళ్ల దూరంలో. 2018లో కంపెనీ దాన్ని బాగుచెయ్యడానికి పూనుకుంది. అప్పటికి ఆ కంపెనీ టాటాల చేతికొచ్చి పదేళ్లు. తెల్లవాడి తోటలో తెల్లవాడు పారేసిన బండికి ఖర్చు మన బొంబాయి ఖాతాలో పడిందని తలుచుకుంటే కొంచెం సంతోషంగా ఉంటుంది.

వీటన్నిటిలో మంచి కథ 'ఆక్స్‌ఫర్డ్' అనే బండిది. 1955లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విద్యార్థులు కొందరు రెండు ల్యాండ్ రోవర్లలో లండన్‌లో బయల్దేరి, కలకత్తా మీదుగా, అస్సాం బర్మా అడవులు దాటుకుని 1956లో సింగపూర్ చేరారు. రెండు బండ్లకీ తమ విశ్వవిద్యాలయాల పేర్లే పెట్టుకున్నారు. 'కేంబ్రిడ్జి' తర్వాత ఇరాన్‌లో లోయలో పడి పోయింది. 'ఆక్స్‌ఫర్డ్' పక్షుల పరిశోధకులతో అసెన్షన్ దీవికెళ్లి, అక్కణ్నుంచి సెయింట్ హెలెనా చేరి, ఆ దీవిలోనే శిథిలమైపోయింది. నెపోలియన్‌ని బంధించి ఉంచిన దీవి అది. ఆయన ప్రాణాలతో బయటపడలేదు, చనిపోయిన 19 ఏళ్లకి అవశేషాలు మాత్రం ఫ్రాన్సు చేరాయి. బండి నయం. 2017లో ఓడెక్కి ఇంగ్లండు తిరిగొచ్చింది. దాన్ని బాగుచేసి మ్యూజియంలో పెట్టలేదు. 2019లో సింగపూర్ తీసుకెళ్లి, అక్కణ్నుంచి లండన్ దాకా రోడ్డు మీద నడిపించారు. మొదటి యాత్రలో ఉన్న టిమ్ స్లెసర్ ఎనభై ఏడేళ్ల వయసులో మళ్లీ ఎక్కాలని బయల్దేరాడు కానీ సింగపూర్‌లోనే ఒంట్లో బాగుండక ఆగిపోతే, మనవడు ఎక్కాడు. పాత లోహాన్ని పాతగా ఉంచడం మంచిదే. కానీ చక్రాలున్న వస్తువుని ఇలా కాపాడితేనే కాపాడినట్టు.

మన చట్టం ఎటువైపో ఇక్కడ తెలుస్తుంది. యాభై ఏళ్లు దాటిన బండ్లకి 2021లో కేంద్రం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. నంబరు పలకలో 'వీఏ' అనే అక్షరాలొస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. షరతేమిటంటే చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మారి ఉండకూడదు. అంటే షూల్‌హైఫర్ గెలిచాడు, మన మేస్త్రీ ఓడిపోయాడు. మ్యాటడార్ ఇంజిన్ దించుకుని నలభై ఏళ్లుగా పరమానందంగా ఉన్న జీపు యజమాని ఇప్పుడు పీకేసిన హరికేన్ కోసం మళ్లీ అదే యార్డుకి వెళ్లాలి. యార్డు యజమాని అతన్ని గుర్తుపడతాడు. ఇంజిన్ కూడా మిలిటరీదే అంటాడు.

రెండో షరతు ఇంకా గట్టిది. ఇలాంటి బండిని రోజువారీ పనులకి వాడకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, సాంకేతిక పరిశోధనకో, మరమ్మతుకో, ఇంధనం పోయించుకోవడానికో మాత్రమే రోడ్డెక్కాలి. ఈ జాబితా రాసినవాళ్లకి పాత జీపుతో పరిచయం లేదని స్పష్టంగా తెలిసిపోతోంది. లీటరుకి పది కిలోమీటర్లు ఇస్తే పండగ చేసుకునే బండి, మరమ్మతుకో పెట్రోలుకో కాకుండా బయటికెళ్లిందెప్పుడు?

అందుకే విశాఖలో ఒక ఆదివారం పొద్దున ఏడు సందుల జీపు ఒకటి గేటు దాటుతుంటే, వెనక ఇద్దరు మనవలు, పులిహోర డబ్బా, చుట్టిన చాప కనబడినా ఎదురింటాయన ఆశ్చర్యపోడు.

"ఎక్కడికండీ పొద్దున్నే?"

"బంకు దాకా."

"ఏ బంకండీ?"

"అరకు బంకు."