మా తోడల్లుడి టొరాయిడ్

యాంప్లిఫయర్ మూత విప్పితే లోపల రెండే రకాల సరుకు కనిపిస్తుంది: బరువున్నది, బరువు లేనిది. రెసిస్టర్లు, ట్రాన్సిస్టర్లు, వైర్లు అన్నీ తీసి తక్కెట్లో వేసినా ముల్లు పెద్దగా కదలదు. బరువంతా ట్రాన్స్‌ఫార్మర్‌దే. సంగీతప్రియుల్లో ఒక తెగ ఉంది. పాట ఆ బరువులోంచే పుడుతుందని వాళ్ల సిద్ధాంతం. మా తోడల్లుడు ఆ తెగకు హైదరాబాద్ శాఖ అధ్యక్షుడు. కార్యదర్శి, కోశాధికారి కూడా తనే. సభ్యత్వం తీసుకోమని చాలాకాలంగా నా వెంట పడుతున్నాడు.

ఆయన దగ్గర ఛానెల్‌కి 25 వాట్ల స్టీరియో యాంప్లిఫయర్ ఉంది. దానికి 18-0-18, 3 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్. రెండు 18లు కలిపి 3తో హెచ్చవేస్తే 108 వోల్ట్-ఆంపియర్లు, అంటే వీఏ. చక్కగా పాడుతుంది. అంతకంటే ఏం కావాలి అనుకుంటాం మనం. ఆయన మాత్రం పాట మధ్యలో కళ్లు మూసుకుని, "అన్నయ్యగారూ, బేస్‌లో ఏదో ఆయాసం ఉంది, గమనించారా?" అంటాడు. లిఫ్టు పనిచేయని ఆ అపార్టుమెంట్లో మెట్లెక్కి వచ్చిన నాకు నా ఆయాసం తప్ప మరొకరిది వినపడదు. బేస్ ఆయాసానికి ఆయన తేల్చిన మందు: 500 వీఏ టొరాయిడల్, అంటే రింగు ఆకారపు, ట్రాన్స్‌ఫార్మర్.

ఇంతకీ ట్రాన్స్‌ఫార్మర్ చేసే పనేమిటి? గోడలోంచి వచ్చే 230 వోల్టులను 18కి దించుతుంది. అంతే. తర్వాత నాలుగు డయోడ్లు ఆ ఏసీని ఒకే దిక్కుకు మళ్లిస్తాయి. కెపాసిటర్లు దాన్ని నింపుకుని, 18ని 1.414తో హెచ్చవేసి డయోడ్ల వాటా తీసేస్తే వచ్చే సుమారు 25 వోల్టుల డీసీని బోర్డుకు అందిస్తాయి. పాట ఈ దారిన రాదు, దాని తీగ వేరు. మిద్దె మీద ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారుకు స్నానంతో ఎంత సంబంధమో, ట్రాన్స్‌ఫార్మర్‌కు పాటతో అంతే సంబంధం. కుళాయిలో ధార ఆగకుండా వస్తున్నంతసేపు, కింద ఉన్నది ఒక హార్స్‌పవరా రెండా అన్నది స్నానం చేసేవాడి ఒంటికి తెలియదు. ధార సన్నగిల్లితే మాత్రం వెంటనే తెలుస్తుంది. మొత్తం తగాదా అంతా ఆ సన్నగిల్లడం దగ్గరే ఉంది.

అది ఉత్తుత్తి భయమేమీ కాదు. బజార్లో చౌకగా దొరికే ట్రాన్స్‌ఫార్మర్ మీద 5 ఆంపియర్లని రాసి ఉంటుంది. రాసినవాడికి ఆశ ఎక్కువ, లోపల తీగ తక్కువ. డప్పు దెబ్బ గట్టిగా పడ్డప్పుడల్లా వోల్టేజి కుంగుతుంది, పాట శిఖరాలు నరికేసినట్టు చదునవుతాయి, బొంగురుపోతుంది. అలాంటిదాన్ని మారిస్తే తేడా తప్పకుండా వినిపిస్తుంది. గోడ నుంచి 40 వాట్లు తీసుకుని పెట్టె మీద 1500 వాట్ల పీఎంపీఓ అని అచ్చేసుకున్న స్పీకర్లను చూసిన తరం మనది. అంకెలను చూసి ఎంత నమ్మాలో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

టొరాయిడ్ కొనడానికి మా తోడల్లుడు కోఠి గుజరాతీ గల్లీకి నన్ను కూడా తీసుకెళ్లాడు. షాపాయన టొరాయిడ్‌ను తీసి నా అరచేతిలో పెట్టి, "వట్టి సూడుండ్రి సార్, ఫుల్ కాపర్" అన్నాడు. మణికట్టు కిందికి దిగింది. మా తోడల్లుడి ముఖంలో భక్తి పైకి లేచింది. పక్కనే అదే సైజుది సగం ధరకు ఉంది. అదెందుకు చవక అని అడిగితే షాపాయన మాట్లాడకుండా బ్లేడు తీసుకుని రెండింటి తీగ కొసల మీదా ఎనామిల్ గీకాడు. ఒకటి ఎర్రగా మెరిసింది. రెండోది తెల్లగా బయటపడింది, అల్యూమినియం. అల్యూమినియం బరువు రాగిలో మూడో వంతు కూడా ఉండదు, తీగ నిరోధం మాత్రం రాగికి ఒకటిన్నర రెట్ల పైన. ఆ బ్లేడు గీత ఒక్కటీ పుస్తకం పెట్టున చెప్పింది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. "ఈ రింగ్ కోర్ లేటెస్ట్ టెక్నాలజీ సార్" అని కూడా అన్నాడు. ఫారడే ఇనుప రింగుకు రెండు తీగచుట్టలు చుట్టి విద్యుత్ ప్రేరణ కనిపెట్టింది 1831లో. బుడాపెస్ట్‌లోని గాంజ్ కర్మాగారంలో జిపెర్నోవ్‌స్కీ, బ్లాతీ, డేరి అనే ముగ్గురు ఇంజనీర్లు మూసిన కోర్ ట్రాన్స్‌ఫార్మర్‌కు రూపమిచ్చింది 1885లో. గుజరాతీ గల్లీకి చేరేసరికి కాస్త ఆలస్యమైనట్టుంది.

టొరాయిడ్‌కు నిజమైన సుగుణాలు లేకపోలేదు. రేకులు పేర్చిన ఈఐ కోర్ కంటే దాని అయస్కాంత క్షేత్రం బయటికి తక్కువ చిందుతుంది. కాబట్టి పక్కనే ఉన్న ప్రీయాంప్‌లో గుంయ్‌మనే రొద తగ్గుతుంది. రేకులు వదులై, సెకనుకు వందసార్లు వణికి డబ్బానే మోగించే పాత ట్రాన్స్‌ఫార్మర్ కన్నా ఇది నయమే. కానీ టీవీ కేబుల్ పీకగానే ఆగిపోయే రొద ఒకటుంది. అది ఎర్త్ తీగల తగాదా. దానికి టొరాయిడ్ కాదు కదా, ఊరి సబ్‌స్టేషన్ తెచ్చి డబ్బాలో పెట్టినా తగ్గదు.

బిగించి స్విచ్ వేశాడు. పాట రాలేదు, ఇల్లంతా చీకటైంది. పెద్ద టొరాయిడ్ స్విచ్ వేసిన క్షణంలో ఒక్క గుక్కలో బోలెడు కరెంటు లాగుతుంది. ఎంసీబీ దాన్ని షార్ట్ సర్క్యూట్ అనుకుని పడిపోయింది. లోపలి గదిలో మా అత్తగారి సీరియల్లో కోడలు నిజం చెప్పబోతున్న ఘట్టం. కోడలు ఏం చెప్పిందో ఆ రోజు ఎవరికీ తెలియలేదు. అత్తగారు చెప్పింది మాత్రం అందరికీ వినపడింది. ఆ గుక్కను అదుపు చేసే సాఫ్ట్ స్టార్ట్ సర్క్యూట్ కోసం మళ్లీ కోఠికి వెళ్లాల్సి వచ్చింది.

చివరికి పాట మొదలైంది. మాయాబజార్ పడవ పాట. కళ్లు మూసుకున్నాడు. "వింటున్నారా? తెడ్ల చప్పుడు ఎడమ పక్క నుంచి, గాత్రం కుడివైపు నుంచి, ఎంత విడివిడిగా వస్తోందో!" 1957 నాటి సినిమా, మోనో రికార్డింగు. రెండు స్పీకర్లలోకీ వెళ్లేది ఒకటే ధ్వని. కుడి ఎడమలు అందులో లేనే లేవు. ఆయన ముఖంలో ఆనందం మాత్రం పక్కా స్టీరియో.

నేను కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఆయన హాల్లో పాట వినడానికి స్పీకర్లు సగటున లాగేది ఒక వాటు దరిదాపుల్లోనే. ఆ ఒక్క వాటుకే మీటరు దూరంలో 87 డెసిబెల్స్ వస్తాయి, పక్కింటివాళ్లు వాచ్‌మన్‌ను పంపడానికి అది చాలు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ వల్ల వోల్టేజి కుంగడం 5 శాతం తగ్గిందనుకున్నా, కలిసొచ్చేది 0.4 డెసిబెల్. అదీ వాల్యూం చివరికంటా తిప్పితేనే. పవర్ రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్. పాట చెవికి రెండింతలు అనిపించాలంటే పవర్ పది రెట్లు కావాలి. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "సంగీతాన్ని లెక్కలతో కొలుస్తారా అన్నయ్యగారూ?" అన్నాడు. వీఏ లెక్కలు చెప్పి 500 కొనుక్కొచ్చిన మనిషి!

సరే, చెవులతోనే కొలుద్దామన్నాను. రెండు ట్రాన్స్‌ఫార్మర్లకూ మార్పు స్విచ్ పెట్టి, ఇంటర్ చదివే వాళ్లమ్మాయిని అల్మరా వెనక కూర్చోబెట్టాం. "ఇప్పుడు పెద్దది! ఇప్పుడు పాతది, గాత్రం వెనక్కి పోయింది!" అని పదేపదే పోల్చేశాడు. ఆ పిల్ల ఫోన్లో మునిగి స్విచ్ ముట్టుకోనే లేదట. ఒక్కసారి మాత్రం నిజంగా మార్చింది. అప్పుడు ఆయన తేడాలు పట్టడం ఎలాగో నాకు వివరిస్తున్నాడు. అమెరికాలో స్టీరియో రివ్యూ పత్రిక 1987 జనవరి సంచికలో, యాంప్లిఫయర్లన్నీ ఒకేలా వినిపిస్తాయా అని ఇదే పని పద్ధతిగా చేసింది. చవకవీ ఖరీదైనవీ కలిపి, ఏది మోగుతోందో చెప్పకుండా వినిపించారు. అనుభవజ్ఞులు సైతం నమ్మకంగా పోల్చలేకపోయారు.

పాత ట్రాన్స్‌ఫార్మర్ తీసి 30-0-30 పెట్టిన మా తోడల్లుడి మిత్రుడొకాయన ఉన్నాడు. అది 42 వోల్టుల డీసీ అవుతుంది, లోపలి కెపాసిటర్లు 35 వోల్టులవి. ట్రాన్స్‌ఫార్మర్ మార్పు వల్ల అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్న స్పష్టమైన ధ్వని నేను విన్నది అదొక్కటే.

ఇదంతా జపాన్‌తో పోలిస్తే పిల్లాట. కరెంటు స్వచ్ఛంగా ఉండాలని అక్కడి సంగీతాభిమానులు కొందరు వేల డాలర్లు పోసి ఇంటి ముందు సొంత స్తంభం, సొంత ట్రాన్స్‌ఫార్మర్ పాతించుకుంటున్నారని 2016లో వాల్‌స్ట్రీట్ జర్నల్ రాసింది. మన పల్లెల్లోనూ 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కోసం తపస్సు చేసేవాళ్లున్నారు. కాకపోతే వాళ్లు వినాలనుకునేది బోరు మోటారు పాట. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే చందాలేసుకుని, ట్రాక్టర్లో వేసుకుని రిపేరుకు తీసుకెళ్తారు. తిరిగొచ్చాక పొలానికి నీరు పారిందా లేదా అన్నదే పరీక్ష. ఫలితం మీద రెండో అభిప్రాయం ఉండదు.

మరి మార్చాలా వద్దా? పాతది చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంటే, డప్పు దెబ్బకు పాట కుంగుతుంటే, డబ్బానే గుంయ్‌మంటుంటే మార్చండి. అవే వోల్టులు, కాస్త ఎక్కువ ఆంపియర్లు చూసుకోండి. ఇవేవీ లేకపోతే ఆ డబ్బు స్పీకర్ల మీద పెట్టండి. డబ్బే వద్దనుకుంటే స్పీకర్లను గది మూలల్లోంచి రెండడుగులు ముందుకు జరపండి, బోసిగా ఉన్న గోడకు మందపాటి కర్టెన్ కట్టండి. 500 వీఏ తేలేని తేడా అక్కడ తెలుస్తుంది.

ఈ మాట మా తోడల్లుడికీ చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "నాకు తెలియదా అన్నయ్యగారూ? స్పీకరు అంగుళం జరిపితే చీపురుకు అడ్డమని మీ మరదలు ఒప్పుకోదు. కర్టెన్లు అత్తయ్యగారి శాఖ. సోఫా జోలికి వెళితే పంచాయితీ మీ దాకా వస్తుంది. ఈ ఇంట్లో ఎవరినీ అడక్కుండా నేను మార్చగలిగిందల్లా ఆ డబ్బా లోపలిదే."

ట్రాన్స్‌ఫార్మర్ మార్చడానికి నేను విన్న కారణాలన్నిటిలో, కళ్లకు గంతలు కట్టి పరీక్షించినా నిలబడేది ఇదొక్కటే.